ఎన్ఏడీపీహెచ్ ఖర్చవుతోంది, లాక్టోన్ ఏదీ?

ప్రశ్న: సైక్లోహెక్సనోన్ మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌తో సైక్లోహెక్సనోన్ అనే కీటోన్‌ను కాప్రోలాక్టోన్ అనే లాక్టోన్‌గా (వలయాకార ఎస్టర్‌గా) మారుస్తున్నాం. ఎంజైమ్‌కు ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ త్వరగా తగ్గుతోంది కానీ లాక్టోన్ కొంచెమే వస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: ముందుగా అనుమానించాల్సింది ఎంజైమ్‌లో ఉండి ఆక్సిజన్‌తో చర్య జరిపే సహాయక అణువు ఫ్లావిన్‌నే. ఎన్ఏడీపీహెచ్ దాన్ని క్షయకరణం చేశాక, ఆక్సిజన్ దాని సీ4ఏ కార్బన్‌పై చేరి పెరాక్సీఫ్లావిన్ అవుతుంది. ఇది కీటోన్‌పై దాడి చేస్తే ఒక ఆక్సిజన్ పరమాణువు లాక్టోన్‌లోకి, రెండోది నీటిలోకి పోతాయి. కీటోన్ అందకపోతే పెరాక్సీఫ్లావిన్ విరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది, ఎన్ఏడీపీహెచ్ వృథా.

కీటోన్ లేకుండా, ఎన్ఏడీపీహెచ్ కాంతిని శోషించే 340 నానోమీటర్ల దగ్గర అది తగ్గే వేగం చూడండి. ఈ వృథా వేగం ఎక్కువుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ కలపండి. అది ఎంజైమ్‌ను కాపాడుతుంది, పోయిన ఎన్ఏడీపీహెచ్‌ను మాత్రం తిరిగివ్వదు. అలాగని కీటోన్ ఒకేసారి గుమ్మరించకండి, ఎక్కువైతే ఎంజైమ్‌నే అణచేస్తుంది, కొద్దికొద్దిగా వేయండి.

శుద్ధి చేయని కణసారం వాడుతున్నారా? అందులోని ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్ కీటోన్‌ను సైక్లోహెక్సనాల్‌గా మార్చి ఎన్ఏడీపీహెచ్ తినేయొచ్చు. ఎస్టర్ బంధాలను తెంచే ఎస్టరేజ్‌లు లాక్టోన్ వలయాన్నే విప్పి 6-హైడ్రాక్సీహెక్సనోయిక్ ఆమ్లంగా మార్చేయొచ్చు. నమూనాను ఆమ్లీకరించి ఈ ఆమ్లం కోసం కూడా వెతకండి.

మూత బిగించిన గొట్టమైతే ఇంకో చిక్కు: 25 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన నీటిలో ఆక్సిజన్ సుమారు 0.25 మిల్లీమోలారే, అది అయిపోతే లాక్టోన్ రావడం ఆగిపోతుంది. గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్‌తో ఎన్ఏడీపీహెచ్‌ను పునరుత్పత్తి చేస్తుంటే గ్లూకోనిక్ ఆమ్లం పీహెచ్‌ను దించుతుంది, క్షారంతో సరిచేస్తూ ఉండాలి.