శిబిరానికి ముందే తేల్చుకోవలసిన సంగతి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

మీ కళాశాలలో జాతీయ సేవా పథకం బాధ్యత నీకు అప్పగించారని, ఈ ఏటి ప్రత్యేక శిబిరానికి కొండ దిగువన ఒక సవర గిరిజనుల గ్రామాన్ని ఎంచుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఈసారి సర్వీస్ లెర్నింగ్ చేయించాలని ఉందని, దానికీ మనం ఇన్నాళ్లుగా చేస్తున్న సమాజ సేవకూ తేడా ఏమిటో చెప్పమని అడిగావు. బడిలో సైన్సు చెబుతూ, పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగినదాన్ని కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

చేసే పనిని చూసి ఈ తేడాను కనిపెట్టలేము. రెండు జట్లు ఒకే వీధిని ఊడ్చినా ఒకరిది సమాజ సేవ, మరొకరిది సర్వీస్ లెర్నింగ్ కావచ్చు. సమాజ సేవలో ఊరికి మేలు జరిగితే చాలు. పిల్లలకు ఏమైనా బోధపడితే మంచిదే, పడకపోయినా పని పూర్తయినట్టే. రెండోదానిలో ఊరి అవసరాన్నీ పిల్లల పాఠాన్నీ మొదటే ముడివేస్తాము. పనికి ముందు సన్నాహం, పని తరువాత చర్చ, ఊరివారికి ఫలితాన్ని అప్పజెప్పడం, ఇవన్నీ పనిలో భాగాలే. 1960ల చివర అమెరికాలో ఈ పేరును వాడుకలోకి తెచ్చినవారిలో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు రాశారు. ఏ సేవ కావాలో దానిని పొందేవారే నిర్ణయించాలి. ఆ సేవ వల్ల వారు తమ పనులు తామే చక్కబెట్టుకోగలగాలి, ఇతరులకూ సాయపడగలగాలి. సేవ చేసేవారు కూడా నేర్చుకునేవారే కనుక ఏమి నేర్చుకోవాలన్న విషయంలో వారి మాట చెల్లాలి. మన శిబిరాలలో ఎక్కువగా లోపించేది మొదటి సూత్రమేనని నా అభిప్రాయం. మొక్కలు నాటాలని కళాశాలలోనే తీర్మానించుకుని, గోతులు తవ్వడానికి చోటు చూపమని మాత్రమే ఊరి పెద్దను అడుగుతున్నాము.

అందుచేత శిబిరానికి నెల ముందే ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఆ ఊరికి వెళ్లు. బ్యానరు, ఫొటోలు వద్దు. సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చిన మనిషిని, వీలైతే ఒక ఆడమనిషిని, ఆ ఊరి నుంచే తోడు అడుగు. ఒడియా వచ్చిన మగవారితో మాత్రమే మాట్లాడి తిరిగివస్తే ఇంటి లోపలి ఇబ్బందులు నీకు తెలియవు. గిడుగు రామమూర్తిగారు మన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరలకు చదువు చెప్పడానికి ముందు వారి భాషను తాను నేర్చుకున్నారు. మీ పిల్లలకు అంత వ్యవధి లేదు గానీ, పలకరింపులూ నీళ్లకూ తిండికీ సంబంధించిన మాటలూ నేర్చుకుని వెళ్లడం కష్టమేమీ కాదు.

ఆ ఊరి ఆడవారు బోరింగు నీళ్ల గురించి చెప్పారనుకో. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి బిందెలో ఎర్రబడుతున్నాయి, అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతోంది, తెల్లబట్టలకు మరకలు పడుతున్నాయి. సమాజ సేవ అనుకుంటే బోరింగు చుట్టూ గట్టు కడిగి, సున్నం కొట్టి వచ్చేస్తాము. కానీ నేల లోపల గాలి సోకని చోట నీటిలో కరిగి ఉన్న ఇనుము, పైకి వచ్చి గాలి తగలగానే ఆక్సీకరణం చెంది, కరగని రూపంలోకి మారి అడుగుకు చేరుతుంది. పరీక్ష కోసం వల్లెవేసిన ఆక్సీకరణం ఆ బిందె అడుగున కంటికి కనబడుతుంది. ఆ నీటిని ఎత్తు నుంచి ధారగా మరో పాత్రలోకి పోసి, కొంతసేపు ఉంచి, ఇసుక గుండా వడకట్టి, ఇనుము ఎంత తగ్గిందో పరీక్ష కిట్టుతో రసాయనశాస్త్రం పిల్లలు కొలవవచ్చు. కామర్సు పిల్లలు ఒక్కో ఇంటివారు నీళ్ల కోసం రోజుకు ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్క కట్టవచ్చు. అయితే ఆ నీళ్లు తాగవచ్చని పిల్లలు ఎన్నడూ ప్రకటించకూడదు. ఆ మాట చెప్పవలసింది ప్రయోగశాల. ఫలితాలను ముందుగా ఊరివారికే వినిపించండి. బ్లాకు ఆఫీసుకు అర్జీ పెట్టాలని వారు అనుకుంటే ఒడియాలో రాసిపెట్టండి, కానీ దానిని పట్టుకుని వెళ్లేది వారే కావాలి.

రోజూ సాయంత్రం గంటసేపు కూర్చోవడం మానవద్దు. ఈ రోజు ఏమి చూశాము, అది అలా ఎందుకు ఉంది, రేపు ఏమి మార్చాలి అని అడిగి, ముందు నోటుపుస్తకంలో రాయించి, తరువాత మాట్లాడించు. “చాలా ఆనందంగా గడిచింది” అని రాసిన పిల్లవాణ్ణి మందలించకుండా, ఈ రోజు నిన్ను ఆశ్చర్యపరిచిన మాట ఎవరు అన్నారని అడుగు. ఊరివారు ఒకరిద్దరు కూడా ఆ చర్చలో కూర్చుంటే ఇంకా మంచిది.

ఇంత చెప్పానని సమాజ సేవను తక్కువ చేయవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కావలసింది దారికి అడ్డం పడిన చెట్లను తీసేవారు, అన్నం వండి పెట్టేవారు. ఇల్లు కూలినవారి ముందుకు ప్రశ్నాపత్రంతో వెళ్లడం తగదు నాయనా. అటువంటి వేళ చేతనైన సాయం చేసి రావాలి, పాఠం సంగతి తరువాత.

నీ పథకంలోనే ఇందుకు వీలుంది. రెండేళ్లలో 240 గంటలు చేయాలన్న నియమం కాగితం మీద గంటలు నింపడానికే సరిపోతోంది గానీ, ఏడు రోజుల శిబిరంతో పాటు ఆ గంటలను కూడా ఆ ఒక్క ఊరికే కేటాయించు. శిబిరం ముగిసిన రెండు నెలలకు మళ్లీ వెళ్లి, ఇసుక వడపోత లాంటిది ఏదైనా మీరు పెట్టి ఉంటే దానిని ఎన్ని ఇళ్లలో వాడుతున్నారో చూడండి. వాడడం మానేసి ఉంటే ఎందుకు మానేశారో ఆ ఇళ్లవారినే అడిగి రాసుకురండి. వచ్చే ఏడాది పనికి ప్రణాళిక అక్కడి నుంచే మొదలుపెట్టు. మొదటిసారి వెళ్లి వచ్చాక ఊరివారు ఏమేమి అడిగారో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ మేనత్త