తడి అచ్చులో పోత పోయొద్దు

చిన్నీ,

పెరట్లో షెడ్డు వేసి ఇత్తడి పోతలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది.

ఏ పద్ధతి మంచిదని అడిగావట. అన్నిట్లోనూ మైనం బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోయడమే. తమిళనాడు స్వామిమలైలో విగ్రహాలు చేసే స్థపతులు బొమ్మంతా మైనంతోనే చేస్తారు, దాంతో విగ్రహం నిండుగా, బరువుగా వస్తుంది. మన ఆదిలాబాద్ ఉషేగావ్‌లో వోజులనే పోతపనివాళ్లు లోపల మట్టి ముద్ద పెట్టి దాని మీద మైనపు తీగలు చుడతారు. లోపల బోలు కాబట్టి ఇత్తడి తక్కువ పడుతుంది, నీ ఏనుగులకీ దీపాలకీ అదే సరి. ఉంగరాల్లాంటి చిన్నవాటికి జిప్సం అచ్చు నునుపుగా వస్తుంది గానీ కాల్చేటప్పుడు వేడి 730 డిగ్రీలు దాటనివ్వకు, జిప్సం విడిపోయి గంధకపు వాయువులు లోహాన్ని పాడుచేస్తాయి. మైనం బొమ్మ చుట్టూ సిరామిక్ పెంకు కట్టి పోయడం ఫ్యాక్టరీల పని. మైనం కరిగేముందు ఉబ్బి పెంకుని పగలగొడుతుందని వాళ్లు ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో ఒత్తిడి పెట్టిన ఆవిరితో గబుక్కున కరిగిస్తారు, దాని జోలికి పోకు.

మైనం తూచి దానికి తొమ్మిదింతలు ఇత్తడి తీసుకో, లోహం లోపలికి పారే పోత దారులకి ఇంకాస్త.

మేం పనిచేసిన చోట చెయ్యి తిరిగిన పనివాడు ఒకాయన ఉండేవాడు. వానలు పడుతున్నాయి, దసరా ఆర్డరు నెత్తిమీద ఉంది. మట్టి అచ్చు పైన ముట్టుకుంటే గరగరా ఆరిపోయినట్టే ఉంది గానీ లోపలి ముద్దలో తడి ఉండిపోయింది, ఎందుకంటే అన్నిటికంటే చివర ఆరేది అదే. కరిగిన ఇత్తడి తొమ్మిది వందల డిగ్రీల పైన ఉంటుంది. దాని కింద చుక్క నీరు ఉన్నా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది. పోసిన లోహం పోసినట్టే పైకి చిమ్మి ఆయన మొహం మీద పడింది. ఒక కన్ను పోయింది. ముఖానికి అడ్డం ఏమీ లేదు, యజమాని కొనివ్వలేదు, మేమూ అడగలేదు. ఆయన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, కోప్పడకు తల్లీ.

మైనం కారిపోయిందని ఆపెయ్యకు, అచ్చు లోపల ఎర్రబడేదాకా కాల్చు. కాల్చే మధ్యలో పోత రంధ్రం పైన చల్లటి గాజుముక్క పట్టి చూడు, మసకబారితే ఇంకా తడి ఉన్నట్టే. సిమెంటు నేల మీద పోయకు, మందంగా పొడి ఇసుక పరుచు. పోసేటప్పుడు చున్నీ, నైలాను బట్టలు వద్దు. ఇత్తడిలోంచి లేచే తెల్లపొగ జింకుది, పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది, గాలి ఆడేలా తలుపులు తెరిచిపెట్టు.

మట్టి, మైనం పని ఇప్పుడే మొదలుపెట్టు. పోత మాత్రం దీపావళి దాటాకే, నేనొచ్చాకే. నాకు టికెట్ తియ్యమని నాన్నకి చెప్పు.

నీ మావయ్య