స్టేషన్‌కి వెళ్ళే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

మేనత్త ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మాటల్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. సోమవారం పోలీసు స్టేషన్‌కి వెళ్ళేలోపు రెండుసార్లు చదువుకో. మేజిస్ట్రేటు కోర్టులో గుమస్తాగా చేరి, బెంచి క్లర్కుగా రిటైరయ్యేసరికి 31 ఏళ్ళు గడిచాయి. నీలాంటి పిల్లల్ని వందలమందిని చూశాను. తప్పు చేసినవాళ్ళు ఉన్నారు, చేయనివాళ్ళూ ఉన్నారు. ఎక్కువమందికి నష్టం జరిగింది మాత్రం తప్పు వల్ల కాదు, మొదటి రోజు ఏం అడగాలో తెలియకపోవడం వల్ల.

పార్కింగ్ దగ్గర పొరుగువాడితో గొడవైంది, నువ్వూ తోశావు, అతనూ తోశాడు. సరే. గురువారం సాయంత్రం "ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్ళు" అని ఫోన్ చేస్తే ఎవరికీ చెప్పకుండా వెళ్ళావు. ఆరింటికి వెళితే పదకొండున్నర దాకా బల్ల మీద కూర్చోబెట్టారు, ఫోన్ తీసుకున్నారు. నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు నాన్నా, పోలీసు ఫోన్ చేస్తే కాళ్ళు వాటంతటవే కదులుతాయి. కానీ ఆ అయిదున్నర గంటలు నువ్వెక్కడున్నావో ఏ కాగితంలోనూ లేదు. నన్ను భయపెట్టింది అదే. చట్టంలో పోలీసు వేసే ప్రతి అడుగుకీ ఒక కాగితం ఉంది. పిలిస్తే నోటీసు, అరెస్టు చేస్తే మెమో, వస్తువు తీసుకుంటే జాబితా. నీ హక్కులు ఎక్కడున్నాయని అడిగితే నేను ఆ కాగితాలనే చూపిస్తాను.

ఇంకెప్పుడైనా ఇలా వెళ్ళాల్సి వస్తే, బయల్దేరే ముందు ఇద్దరికి మెసేజ్ పెట్టు. ఏ స్టేషన్, ఎవరు పిలిచారు, ఎన్ని గంటలకి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంట్లో మనిషిని రాత్రిపూట తీసుకెళ్తే ఆడవాళ్ళు పొద్దున్నే పోస్టాఫీసుకి పరిగెత్తి ఎస్పీకీ జడ్జికీ టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు. ఎందుకంటే మనిషిని తీసుకెళ్ళింది రాత్రయినా, కాగితాల్లో అరెస్టు చూపించేది మర్నాడు సాయంత్రం. టెలిగ్రాం మీద వేసిన టైము ఆ లెక్కని బయటపెట్టేది. 2013లో టెలిగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు నీ చేతిలో ఫోనుంది, టైముతో సహా మెసేజ్ మిగులుతుంది. అధికారికి పంపాలంటే ఈమెయిలూ స్పీడ్ పోస్టూ ఉన్నాయి.

ఇప్పుడు నీకొచ్చిన నోటీసు సంగతి. అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద ఇచ్చింది. అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన చట్టం ఇది. పాత చట్టంలో సెక్షన్ నంబరుని బట్టి పాత లాయర్లు ఇప్పటికీ "41ఎ నోటీసు" అనే అంటారు, రెండూ ఒకటే. ఆ నోటీసు చూసి టెన్షన్ పడకు, నిజానికి అది నీకు రక్ష. అరెస్టు అవసరం లేదని పోలీసులు అనుకున్నప్పుడే దాన్ని ఇస్తారు. చెప్పిన రోజున, చెప్పిన టైముకి వెళ్ళి సహకరిస్తున్నంత కాలం, కారణాలు రాసి పెట్టకుండా ఆ కేసులో నిన్ను అరెస్టు చేయకూడదు. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. వెళ్ళకుండా ఎగ్గొడితే మాత్రం ఆ రక్ష పోతుంది. జ్వరమొచ్చినా, ఊళ్ళో లేకపోయినా ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి వేరే తేదీ అడుగు.

నీకు కాగితమే ఇచ్చారు కాబట్టి సరిపోయింది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్లో యూనిఫాం వేసుకుని "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు" అనేవాళ్ళు దొంగలే, అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. కాల్ కట్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. మీ అమ్మకి ఇది ప్రత్యేకంగా చెప్పు.

మీ అమ్మని కూడా సాక్షిగా స్టేషన్‌కి రమ్మన్నారన్నావు. వెళ్ళక్కర్లేదు. ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు మగపిల్లల్ని, 60 దాటిన మగవాళ్ళని, వికలాంగుల్ని, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళని సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మని ఒత్తిడి చేయకూడదు. ఉన్నచోటికే వచ్చి అడగాలి. అదే చట్టం 179వ సెక్షన్. నేను చెప్పానని చెప్పి, "అయ్యా, మా అమ్మ ఇంట్లోనే ఉంటారు, మీకు వీలైనప్పుడు రండి" అని మర్యాదగా అను.

మర్యాద అన్న మాట ఊరికే రాయలేదు. హక్కు అడగడమంటే గొంతు పెంచడం కాదు. "సార్" అంటూనే అడగొచ్చు. ఆ ఎస్సై కూడా రాత్రీపగలూ డ్యూటీ చేసి అలసిపోయిన మనిషే. నిజాయతీగా పనిచేసి, అరెస్టు మెమోలో నిమిషాలతో సహా రాసే అధికారుల్ని నేను ఎంతమందినో చూశాను. అలాంటివాళ్ళకి నువ్వు కాగితం అడిగితే కోపం రాదు.

ఇక ప్రశ్నలు. నీ పేరు, చిరునామా నిజంగా చెప్పు. జరిగింది అడిగితే అబద్ధం ఆడకు. కానీ నీ మీదే నేరం వచ్చి పడేలా ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పాలని ఎవరూ నిర్బంధించలేరు. రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన హక్కది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని విచారణకని స్టేషన్‌కి పిలిచి, జవాబులు చెప్పలేదని మళ్ళీ కేసు పెడితే, 1978లో సుప్రీంకోర్టు ఈ హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణ దగ్గరే మొదలవుతుందని చెప్పింది. ముఖ్యమంత్రిగా చేసినావిడకే అంత దూరం వెళ్ళాల్సి వచ్చింది. "దీనికి మా లాయరుగారితో మాట్లాడి చెబుతాను సార్" అంటే చాలు. ఫోన్ పాస్‌వర్డ్ అడిగినా ఇదే మాట చెప్పు. ఫోన్ తీసుకుంటే జాబితాలో రాయించుకుని నకలు అడుగు. సోదా చేసి వస్తువులు తీసుకునేటప్పుడు వీడియో తీయాలని కూడా కొత్త చట్టంలో ఉంది.

సంతకం గురించి చెప్పే ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు మీ నాన్నకీ పక్క చేనువాళ్ళకీ గట్టు తగాదా వచ్చింది. ఒక స్టేషన్లో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, "ఇంటికెళ్ళిపోవచ్చు, ఇక్కడో సంతకం పెట్టు" అని తెల్లకాగితం ఇచ్చారు. ఆకలి, అవమానం, ఇంటికి పోతే చాలన్న ఆరాటం. పెట్టేశాడు. గట్టు వదులుకోవడానికి తానే ఒప్పుకున్నట్టు ఆ కాగితం తయారైంది. మూడు సెంట్ల నేల పోయింది. అప్పటికి నేను కోర్టులో పనిచేస్తున్నాను, పక్క ఊళ్ళోనే ఉన్నాను. వాడు నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు, అక్కయ్యని ఇబ్బంది పెట్టడం ఎందుకని. నేల పోయినందుకు కాదు, ఆ రోజు వాడు ఒంటరిగా కూర్చున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

అందుకే చెబుతున్నాను, తెల్లకాగితం మీద సంతకం వద్దు. చదవని కాగితం మీద వద్దు. పోలీసులు విచారణలో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. నోటీసు అందినట్టు, వస్తువుల జాబితా చూసినట్టు సంతకం పెట్టాల్సి వస్తే పూర్తిగా చదివి, తేదీ, టైము వేసి పెట్టు. ఖాళీ గళ్ళుంటే గీత కొట్టమను.

నీ కేసులో అరెస్టు దాకా రాదనే నా నమ్మకం. నోటీసులో ఉన్నవి నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 126(2), 115(2) సెక్షన్లు, అంటే మనిషిని కదలనివ్వకుండా అడ్డుకోవడం, కొట్టి గాయపరచడం. రెండూ బెయిలబుల్. అంటే బెయిలు వాళ్ళు దయతలచి ఇచ్చేది కాదు, పూచీకత్తు ఇస్తే వదలాల్సిందే. మనవాళ్ళు స్టేషన్ బెయిల్ అంటారే, అదే. అయినా అరెస్టు గురించి తెలిసి ఉండాలి, రేపు నీ స్నేహితుడికైనా పనికొస్తుంది.

1986లో పశ్చిమ బెంగాల్లో న్యాయసహాయ సంస్థ నడిపే డి.కె. బసు, లాకప్ మరణాల గురించి సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, పదేళ్ళకి, 1996 డిసెంబరులో 11 నియమాలు పెట్టింది. అరెస్టు చేసే అధికారి పేరు బ్యాడ్జీ మీద కనిపించాలి. మెమో రాయాలి, అందులో టైము ఉండాలి, ఇంటివాళ్ళో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఇంట్లోవాళ్ళకి కబురు చేయాలి. లాయర్ని కలవనివ్వాలి, విచారణ సాగినంతసేపూ పక్కన కూర్చోబెట్టకపోయినా సరే. ఇవన్నీ తర్వాత చట్టంలోకి ఎక్కాయి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఆ మనిషికి తెలిసిన భాషలో రాసి ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడవాళ్ళని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపల అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ప్రయాణం టైము కాక 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం అది. ఆదివారమైనా, పండగైనా ఆగకూడదు, జడ్జిగారి ఇంటికైనా తీసుకురావాలి. అక్కడ జరిగే రెండు నిమిషాల గురించే నేను అందరికంటే ఎక్కువ చెప్పగలను.

సాయంత్రం కోర్టు హాలు ఖాళీ అయ్యాక తీసుకొచ్చేవాళ్ళు. మనిషిని కస్టడీకి పంపమని పోలీసులు ఇచ్చే రిమాండ్ రిపోర్టు నేనే అందుకుని బల్ల మీద పెట్టేదాన్ని. జడ్జిగారు తల ఎత్తి అడిగేవారు, "పోలీసులు కొట్టారా? ఏమైనా చెప్పుకునేది ఉందా?" అని. వెనకాల రెండడుగుల దూరంలో తీసుకొచ్చిన కానిస్టేబుల్ ఉండేవాడు. కుర్రాడు నేల చూసి "లేదండి" అనేవాడు. ఫిర్యాదు లేదన్నాడని కాగితం మీదికి ఎక్కేది. ఒకసారి ఒక పిల్లాడు "లేదండి" అని తిరిగి వెళ్తుంటే నడక తేడాగా ఉంది, అరికాళ్ళు వాచి ఉన్నాయి. అప్పుడున్న జడ్జిగారు ఒక మేడం. చూసి వెనక్కి పిలిచారు. పోలీసుల్ని బయటికి పంపి, మంచినీళ్ళు ఇప్పించి, కూర్చోబెట్టి మళ్ళీ అడిగారు. ఈసారి చెప్పాడు. డాక్టరు దగ్గరికి పంపించారు. ఆవిడ ఆ నడక గమనించకపోతే ఏమయ్యేదో ఊహించుకో. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవర్ని తీసుకొచ్చినా నేను ముందు కాళ్ళు చూసేదాన్ని.

ఆ రెండు నిమిషాలు నీవి బుజ్జీ. ఎప్పుడు తీసుకెళ్ళారో, కొట్టారో లేదో, ఇంట్లో చెప్పారో లేదో, మందులు కావాలో, లాయరు లేడో, అన్నీ అక్కడే చెప్పాలి. పోలీసులు పక్కనుంటే భయమని కూడా చెప్పొచ్చు. అంతకుముందు డాక్టరు పరీక్ష చేసేటప్పుడు దెబ్బలుంటే చూపించాలి, ఆ రిపోర్టు నకలు అడగాలి. తర్వాత వారానికి చెబితే "ఆ రోజు ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న వస్తుంది.

లాయరుకి డబ్బులు లేవని ఎవరూ ఊరుకోకూడదు. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్ళు పలుకుతారు. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. ఉచిత లాయరంటే పట్టించుకోరని చాలామంది అంటారు. నేను చూసినవాళ్ళలో శ్రద్ధగా వాదించినవాళ్ళే ఎక్కువ.

అవతలివాళ్ళు డబ్బులడుగుతున్నారు, స్టేషన్లోనే సెటిల్ చేసుకోమన్నారు అన్నావు. ఆ రెండు సెక్షన్లూ రాజీకి వీలున్నవే, రాజీ తప్పు కాదు. పొరుగువాళ్ళు, రోజూ మొహం చూసుకోవాలి, నా మనసుకి అదే మంచిది. కానీ అది కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రికార్డవ్వాలి. స్టేషన్ బల్ల దగ్గర చేతికి ఇచ్చిన డబ్బుకి రసీదు ఉండదు, కేసూ పోదు. నీకూ దెబ్బ తగిలింది కాబట్టి నీ ఫిర్యాదు కూడా రాసివ్వు. ఎఫ్ఐఆర్ అయితే నకలు ఉచితంగా ఇస్తారు. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేటుని అడగొచ్చు.

కేసు కోర్టుదాకా వస్తే వాయిదా ఒక్కటి కూడా తప్పకు. "లాయరుగారు చూసుకుంటారులే" అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళ మీదే నాన్‌బెయిలబుల్ వారెంట్లు వచ్చేవి. రాలేకపోతే ముందే లాయరు చేత పిటిషన్ వేయించాలి. కేసుకి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి తేదీ నీకే కనిపిస్తుంది.

సోమవారం పదిన్నరకి కదా నోటీసు. మా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న ఒక లాయరమ్మతో మాట్లాడాను, పదింటికే స్టేషన్ గేటు దగ్గర ఉంటుంది. ఆధార్ నకలు, నోటీసు, ఒక పెన్ను పట్టుకెళ్ళు. నోటీసు రెండువైపులా ఫోటో తీసి ఇవాళే నాకు పంపు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక మెసేజ్, బయటికి రాగానే ఒక ఫోన్. టిఫిన్ చేసి వెళ్ళు, ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటాను.

ఇట్లు,
మీ మేనత్త