బొమ్మల పెట్టె గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మ పంపిన బొమ్మల పెట్టె చేరిందనీ, హైదరాబాదులోని మీ ఫ్లాట్లో సంక్రాంతికి తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు పెట్టడానికి చోటు లేదు గనుక బొమ్మలను ఎవరికైనా ఇచ్చివేయాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఇవ్వవద్దు తల్లీ. కొలువును ఎంత చిన్నదిగానైనా పెట్టు, మానవద్దు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నది మనవాళ్ల పట్టింపు. మూడు కూడా బేసి సంఖ్యే కనుక, ఒక బల్లా, దాని మీద రెండు అట్టపెట్టెలూ, పైన ఉతికిన తెల్లపంచె ఉంటే చాలు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మా ఇంట్లో మట్టి బొమ్మలన్నీ కరిగి బురదలో కలిసిపోయాయి. మీ అమ్మ అప్పటికి అయిదేళ్ల పిల్ల. రెండు నెలలకు సంక్రాంతి వచ్చింది కానీ, మా వీధిలో ఏ గడప ముందూ ముగ్గు పడలేదు. పేరంటానికి ఎవరూ ఎవరినీ పిలవలేదు. అయినా మా అమ్మ, బురదలో దొరికిన కొండపల్లి ఏనుగును శుభ్రం చేసి, పీట మీద నిలిపి, ఎదుట దీపం పెట్టి, “ఆనవాయితీ తప్పలేదు” అని ఒక్కమాట అన్నది. అంబారీ ఊడి, రంగు పోయి, ఉత్త కర్రగా నీ పెట్టెలో ఉన్న ఏనుగు అదే. దానికి కొత్త రంగు వేయించవద్దు.

కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడవవద్దు. తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు కనుక, తడి తగిలితే అతుకులు వదులుతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఏటికొప్పాక బొమ్మల మీద ఉన్నది లక్క కనుక వాటిని దీపానికి దూరంగా ఉంచు. పండుగ అయ్యాక అన్నింటినీ పాత నూలుచీర ముక్కల్లో చుట్టి, ఎండిన వేపాకు వేసి సర్దు.

కొలువు ఆడపిల్లల వేడుక అని మీ అబ్బాయిని దూరంగా కూర్చోబెట్టవద్దు. ఈ విషయంలో మా తరం పొరపాటు చేసింది. కింది మెట్టును వాడికి అప్పగించి, తన కారు బొమ్మను పెడతానంటే పెట్టనివ్వు. మా చిన్నప్పుడు దేవుళ్ల పక్కనే రైలింజను ఉండేది. ఏటా ఒక కొత్త బొమ్మ కొని, అడుగున పెన్సిలుతో సంవత్సరం వాడి చేతనే వ్రాయించు.

భోగినాడు ఆఫీసు ఉన్నా దిగులు లేదు, సాయంత్రం కొలువు తీర్చవచ్చు. పేరంటానికి మాత్రం ఫోనులో సందేశం పంపి ఊరుకోకుండా, పక్క ఫ్లాట్లకు వాడిని వెంటబెట్టుకొని వెళ్లి, బొట్టు పెట్టి పిలువు. తాంబూలంలోకి నానబెట్టిన శనగలు చాలు.

కనుమనాటి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించడం మన ఇంటి పద్ధతి. అది ఏ బొమ్మో వాడినే ఎంచుకోనివ్వు. ఏనుగును మాత్రం మధ్య మెట్టు మీద నిలుపు. నేను భోగి ముందురోజుకే వస్తాను; అంతవరకు పెట్టె తెరిచి బొమ్మలను నీడలో ఆరనివ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ