2007 సీజన్ ర్యాంకింగ్ వేస్తున్న అమ్మలుకి

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా రెండుసార్లు చదివాను. అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ ఎన్ఎఫ్ఎల్‌లో 2007 సీజన్ ఆడిన 32 టీమ్‌లనీ పై నుంచి కిందిదాకా పేర్చాలన్న ఆలోచనకే ముచ్చటేసింది. అప్పటికి నీకు ఊహ కూడా సరిగా తెలియదు. అలాంటిది సెలవుల్లో కూర్చుని పాత మ్యాచ్‌లు వెతికి చూసి ఇంత శ్రద్ధగా రాశావు. అయితే రెండో వరసలోనే ఆగిపోయాను. న్యూయార్క్ జెయింట్స్‌ని అక్కడ పెట్టావు. న్యూజెర్సీలో ఉంటూ ఆ టీమ్ మీద ప్రాణం పెట్టుకున్న పెదనాన్న సంతోషిస్తాడని పెట్టావో, సూపర్ బౌల్ (ఆ సీజన్ ఫైనల్) గెలిచారు కదా అని పెట్టావో తెలీదు. ఎలా పెట్టినా తప్పే. వాళ్లని తొమ్మిదికి దించు.

ముందు ఒక గీత గీసుకో. 2007 రెగ్యులర్ సీజన్, అంటే ఒక్కో టీమ్ ఆడే 16 లీగ్ మ్యాచ్‌లు, డిసెంబర్ 30తో అయిపోయింది. ఆ తర్వాత జరిగింది ఏదీ నీ జాబితాలోకి రాకూడదు. 2008 ఫిబ్రవరి 3న అరిజోనాలో జెయింట్స్ 17-14తో పేట్రియట్స్‌ని ఓడించిన రాత్రి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మన డేవిడ్ టైరీ బంతిని హెల్మెట్‌కి అదిమి పట్టుకున్న క్యాచ్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కానీ అది వేరే పరీక్ష. మా రోజుల్లో ఇంటర్ మార్కులు వేరు, ఎంసెట్ ర్యాంకు వేరు. ఏడాదంతా ఎవరు బాగా చదివారని అడిగితే ఎంసెట్ ర్యాంకు చూపిస్తే ఎలా? నువ్వు దిద్దుతున్నది ఆ 16 మ్యాచ్‌ల పేపర్లు మాత్రమే.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. 2008 వేసవిలో నేనూ ఒక నోట్‌బుక్‌లో ఇలాగే ర్యాంకులు వేసి, జెయింట్స్‌ని రెండో చోట రాసి, గర్వంగా ఒక స్నేహితుడికి చూపించాను. ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు. "మీవాళ్లు రెగ్యులర్ సీజన్‌లో డల్లాస్ కౌబాయ్స్ చేతిలో రెండుసార్లు, గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో ఒకసారి ఓడారు. ఆ రెండు టీమ్‌ల కంటే పైన ఎలా పెట్టారు?" నా దగ్గర జవాబు లేదు. పైగా సీజన్ మొదటి మ్యాచ్‌లో డల్లాస్‌కి 45, రెండో మ్యాచ్‌లో గ్రీన్ బేకి 35, అంటే రెండు వారాల్లో 80 పాయింట్లు సమర్పించుకున్నారు. ఆ రాత్రే ఆ పేజీ చింపేసి మళ్లీ మొదలుపెట్టాను.

అలాగని జెయింట్స్‌కి దక్కాల్సింది తగ్గించమని చెప్పను. డిసెంబర్ 29 రాత్రి పేట్రియట్స్‌తో ఆడిన మ్యాచ్ గీతకి ఇవతలే ఉంది, దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకో. ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) వైల్డ్ కార్డ్ చోటు అప్పటికే ఖాయమైంది, మన కోచ్ టామ్ కాఫ్లిన్ స్టార్టర్లని (ముఖ్య ఆటగాళ్లని) పక్కన కూర్చోబెట్టినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆయన అందరినీ ఆడించాడు. మా ఇంట్లో ఆ రోజు నాలుగు కుటుంబాలు, నేల మీద దుప్పట్లలో పిల్లలు, మధ్యలో జంతికల డబ్బా. మూడో క్వార్టర్‌లో మనం 28-16తో ముందున్నాం. నాలుగో క్వార్టర్‌లో పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) బ్రేడీ దూరంగా విసిరిన బంతిని రాండీ మాస్ జారవిడిచాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. వెంటనే, తర్వాతి ఆటలోనే, అదే దారిలో అదే పరుగు, మళ్లీ అదే దూరానికి బంతి. ఈసారి జారలేదు. 65 గజాల టచ్‌డౌన్, అంటే బంతి మన చివరి గీత దాటేసింది. బ్రేడీకి ఆ సీజన్‌లో అది 50వది, మాస్‌కి 23వది, రెండూ రికార్డులే. చివరికి 38-35తో ఓడాం. 16-0తో, అంటే 16 గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా సీజన్ ముగించిన జట్టు మీద మూడు పాయింట్ల తేడాతో ఓడటం జెయింట్స్ ఖాతాలో మంచి మార్కే. తొమ్మిదో స్థానం అంటున్నది అది కూడా కలిపి చూసుకునే.

ఇక అసలు చిక్కు. ఆ రోజుల్లో ఒక్కో టీమ్ 16 మ్యాచ్‌లు ఆడితే, డివిజన్ అనే నాలుగు టీమ్‌ల గుంపులోని మిగతా మూడు టీమ్‌లతో రెండేసిసార్లు ఆడేది కాబట్టి, మొత్తం 13 టీమ్‌లనే ఎదుర్కొనేది. మిగతా 18 టీమ్‌లని ఆ సీజన్‌లో కలవనే లేదు. అందుకే "ఎవరు ఎవరిని ఓడించారు" అన్న దాన్ని పట్టుకుని పైకి పాకాలని చూస్తే గానుగెద్దులా తిరుగుతూ ఉంటావు. కావాలంటే చూడు. ఈగల్స్ 23-16తో వైకింగ్స్‌ని ఓడించారు. వైకింగ్స్ 41-17తో జెయింట్స్‌ని చిత్తు చేశారు. జెయింట్స్ ఈగల్స్‌ని రెండుసార్లు ఓడించారు. ఈ ముగ్గురిలో ఎవరు పైన? ముఖాముఖి ఫలితాన్ని పక్కపక్కన నిలిచిన రెండు టీమ్‌లని విడదీయడానికి ఆఖర్న వాడు, అంతే.

మొదట వాడాల్సింది పాయింట్ల తేడా. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 10-6. చూడ్డానికి బాగుంది. కానీ వేసింది 402, ఇచ్చింది 382, తేడా 20. వైకింగ్స్ 8-8, తేడా 54. గెలుపోటములు మాత్రమే చూస్తే ఈ ఇద్దరి మధ్య చాలా దూరం కనిపిస్తుంది, నువ్వూ పది మెట్లు పెట్టావు. అంత లేదు, ఒకటి రెండు మెట్లు చాలు. కోల్ట్స్‌ని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 13-3. మూడు ఓటములూ కలిపి 12 పాయింట్లు! పేట్రియట్స్ చేతిలో 4, చార్జర్స్ చేతిలో 2, టైటన్స్ చేతిలో 6. నువ్వు జెయింట్స్‌కి ఇచ్చిన రెండో స్థానం వీళ్లది.

పాయింట్ల తేడాని కూడా గుడ్డిగా నమ్మకు తల్లీ. పేట్రియట్స్ 589 వేసి 274 ఇచ్చారు, తేడా 315. దాన్ని మధ్యకి కోసి చూడు. మొదటి 8 మ్యాచ్‌ల్లో తేడా 204, వాటిలో ఒక్కటి కూడా 17 పాయింట్లకి తక్కువ గెలుపు లేదు. తర్వాతి 8 మ్యాచ్‌ల్లో 111. ఆ 111లో 46 బఫెలో మీద 56-10తో గెలిచిన ఒక్క మ్యాచ్‌వే. ఈగల్స్ మీద మూడు, రేవెన్స్ మీద మూడు, జెయింట్స్ మీద మూడు పాయింట్లతో బయటపడ్డారు. మొదటి స్థానం వాళ్లదే, అందులో అనుమానం లేదు. అయితే ఏ మ్యాచ్‌లోనైనా 24 కంటే ఎక్కువ తేడా వస్తే 24 దగ్గరే ఆపి లెక్కేస్తాను నేను. లేకపోతే చేతకాని టీమ్ మీద చావబాదిన మ్యాచ్ ఒకటి నెల రోజుల ఆటని మింగేస్తుంది.

ఆఖరి వారం దగ్గర ఇంకా జాగ్రత్త. ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయమైన టీమ్‌లు స్టార్టర్లని దాచుకుంటాయి. కోల్ట్స్ తమ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌ని కాసేపు ఆడించి కూర్చోబెట్టారు, టైటన్స్ 16-10తో గెలిచి 10-6తో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, అదే 10-6 ఉన్న బ్రౌన్స్ ఇంటికి వెళ్లారు. క్లీవ్‌లాండ్ వాళ్ల బాధ తలచుకుంటే నాకిప్పటికీ జాలేస్తుంది. నీ జాబితాలో టైటన్స్ బ్రౌన్స్ కంటే ఆరు మెట్లు పైనున్నారు. ప్లేఆఫ్స్‌కి వెళ్లారన్నది తప్ప దానికి వేరే కారణం ఉందా? టైటన్స్ పాయింట్ల తేడా నాలుగే. ఇద్దరినీ పక్కపక్కన పెట్టు.

మీ ఊరి డల్లాస్ కౌబాయ్స్ సంగతీ అక్కడే తేలుతుంది. వాళ్లూ గ్రీన్ బే ప్యాకర్స్ కూడా 13-3. ప్యాకర్స్ తేడా 144, కౌబాయ్స్‌ది 130, అందుకే నువ్వు ప్యాకర్స్‌ని పైన రాశావు. కానీ కౌబాయ్స్ ఆఖరి వారం ఆడాల్సిన అవసరం లేని మ్యాచ్‌లో వాషింగ్టన్ చేతిలో 27-6తో ఓడారు. ఆ 21 తీసేస్తే వాళ్లది 151. పైగా ప్యాకర్స్ 7-9తో ముగించిన బేర్స్ చేతిలో రెండుసార్లు ఓడారు, ఒకసారి 35-7. పక్కపక్కనే ఉన్నారు కాబట్టి ఇప్పుడు ముఖాముఖి చూడొచ్చు. నవంబర్ 29న డల్లాస్ 37-27. ఆ మ్యాచ్ మధ్యలో ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్‌కి దెబ్బ తగిలి కుర్ర ఆరన్ రోడ్జర్స్ దిగాడు, దిగి బాగానే ఆడాడు కూడా, అందుకని ఆ సాకు చెల్లదు. కౌబాయ్స్ మూడు, ప్యాకర్స్ నాలుగు. కౌబాయ్స్‌ని జెయింట్స్ కంటే ఆరు మెట్లు పైన పెట్టమంటున్నానంటే నాకెంత కష్టంగా ఉందో మీ నాన్నకి చెప్పు.

అడుగున ఎక్కువ సేపు కూర్చోవద్దు. మయామీ డాల్ఫిన్స్ 1-15, 32వ స్థానం. ఆ ఒక్క గెలుపు మాత్రం చూసి తీరు, రేవెన్స్ మీద ఓవర్‌టైమ్‌లో గ్రెగ్ కామరిల్లో 64 గజాల టచ్‌డౌన్‌తో 22-16. ఇంకొకటి, అక్టోబర్‌లో వాళ్లు జెయింట్స్‌తో 13-10తో ఓడింది లండన్ వెంబ్లీలో. కాగితం మీద అది మయామీకి హోమ్ మ్యాచ్. నువ్వు హోమ్ (సొంత ఊరి), అవే (పరాయి ఊరి) మ్యాచ్‌ల లెక్కలు విడిగా వేస్తున్నావు కాబట్టి దాన్ని రెండు గడుల్లోనూ వేయకుండా పక్కన రాసుకో.

చార్జర్స్, జాగ్వార్స్ గొడవ నీకే వదిలేస్తున్నాను. ఇద్దరూ 11-5. జాక్సన్‌విల్‌లో జాగ్వార్స్ 24-17తో గెలిచారు. ఆ ఓటమి తర్వాత చార్జర్స్ వరసగా ఆరు గెలిచారు. జాగ్వార్స్ ఆఖరి వారం స్టార్టర్లకి విశ్రాంతి ఇచ్చారు. నాది ఎప్పుడో రాసి పెట్టుకున్నాను, నీ జవాబు వచ్చేదాకా చెప్పను. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, కారణాలతో సహా.

మీ పెదనాన్న