వెండిలో ముత్యాలు పెట్టి అమ్ముతానంటున్నావు కదా, ఇది చదువు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. వెండి, ముత్యాల నగలు చేయించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతానని, సరుకుకి 40 వేలు పక్కన పెట్టానని రాశావు. మంచిదే కానీ ఆ 40 వేలూ ఒకేసారి పెట్టకు, ముందు 5 వేల సరుకు కొను, అందులో ఎలాగూ మోసపోతావు, మేమందరం అలాగే నేర్చుకున్నాం.

ముత్యాలు చూడ్డానికి హైదరాబాద్ చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టికి వెళ్తే పగలే వెళ్లు. కొట్లో పసుపు లైట్ల కింద ప్రతి వరుసా మెరుస్తుంది, బయటికి తెచ్చి తెల్లగుడ్డ మీద పెట్టి చూస్తేనే మెరుపు తెలుస్తుంది. వరుసని బల్ల మీద దొర్లించు, గుండ్రంగా లేనివి వంకరగా పోతాయి. కొందరు పళ్ల మీద రుద్ది చూస్తారు, గరగరలాడితే ముత్యం, నున్నగా జారితే గాజు అని. అది కొంతవరకు పనిచేస్తుంది కానీ పదిమంది నోట్లో పెట్టుకున్న వరుసని మళ్లీ అమ్మాలి కదమ్మా! నేనైతే రంధ్రం దగ్గర భూతద్దం పెట్టి చూస్తాను, నకిలీదైతే పూత అక్కడ పొట్టులా లేస్తుంది.

బస్రా ముత్యాలు అన్న మాట మాత్రం నీ పోస్టుల్లో రాయకు. నిజాంల కాలంలో పర్షియా గల్ఫ్ నుంచి వచ్చేవి, నిజమే. ఇప్పుడు బజారులో ఉన్నవి చాలావరకు చైనా చెరువుల్లో పెంచిన మంచినీటి ముత్యాలు. అవీ ముత్యాలే, సిగ్గుపడాల్సిన పని లేదు, బిల్లు మీద అలాగే రాసెయ్. సముద్రం లేని మన ఊరికి పేరొచ్చింది రంధ్రాలు వేసే చేతుల వల్ల, ఏరి జత కలిపే కళ్ల వల్ల. చవకగా దొరికే నల్లవి రంగు వేసినవి, అదీ చెప్పి అమ్ము.

వెండి సంగతికొస్తే, అడగాల్సింది ఒకటే, ఎంత టచ్ అని. 92.5 అంటే వందలో 92.5 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. టచ్ తక్కువున్న సరుకు మెరుపులో తేడా తెలియదు, కరిగించిన రోజే తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ, అంటే ఏ నగకి ఆ నగకి విడిగా వేసే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి హాల్‌మార్క్ గుర్తు, వేయించుకునే వీలొచ్చింది, తప్పనిసరి కాదు, అయినా వేయించు, కొనేవాళ్లు బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకుంటారు. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలుండదు, రాగి, నికెల్, జింక్ అంతే.

ఇక అసలు ఇబ్బంది. ఈ రెండూ ఒకే నగలో ఉంటే ఒకదానికి మంచిది ఇంకొకదానికి చెడు. వెండి గాలి తగిలితే నల్లబడుతుంది, గాలి దూరని కవర్లో పెట్టాలి. ముత్యాన్ని అలా నెలల తరబడి పెడితే తేమ లేక ఎండి పగుళ్లిస్తుంది. వెండిని మనం చింతపండుతో తోముతాం, విభూతితో రుద్దుతాం. ముత్యం సున్నం జాతిది, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది, విభూతితో రుద్దితే గీతలు పడతాయి. మొదట్లో ఒకావిడ సెట్టు నల్లబడిందని ఇస్తే, వెండి శుభ్రం చేసే మందులో ముత్యాలతో సహా ముంచేశాను. తీసేసరికి సుద్దముక్కల్లా ఉన్నాయి. నా డబ్బుతో కొత్తవి వేసిచ్చాను, ఆవిడ మళ్లీ మా కొట్టుకి రాలేదు.

అందుకే వెండికి రోడియం పూత వేయించు, తొందరగా నల్లబడదు, తోమే పని తగ్గుతుంది. టంకం పనులన్నీ అయ్యాకే ముత్యం పెట్టమని పనివాడికి గట్టిగా చెప్పు, మంట తగిలితే ముత్యం పోయినట్టే. దండల్లో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించు, దారం తెగినా ఒక్కటే జారుతుంది. ఆ ముడుల కూలి ధరలో కలుపు, చాలామంది మర్చిపోతారు. ప్రతి డబ్బాలో ఒక చీటీ పెట్టు: సెంటు కొట్టుకున్నాకే పెట్టుకోండి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవండి, చింతపండు వద్దు.

చుట్టాలకి అప్పు ఇవ్వకు. మీ పిన్నికి కూడా.

ఆదివారం వస్తున్నావు కదా, నువ్వు ఇప్పటికే కొన్నానన్న ఆ రెండు వరుసలు తీసుకురా. పొద్దున్నే రా, వెలుతురుండగా చూద్దాం.

మీ పెదనాన్న