వెబ్ డిజైన్‌కు పుస్తకం సరిపోతుందా, కోచింగ్ కావాలా?

ప్రశ్న: నరసరావుపేటలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకోవాలని ఉంది. మా సీనియర్ ఒకరు ‘హెడ్ ఫస్ట్ హెచ్‌టీఎంఎల్ అండ్ సీఎస్‌ఎస్’ రెండో ఎడిషన్ ఇచ్చారు. బొమ్మలు, పజిళ్లతో చదువుతుంటే సరదాగా ఉంది, మూడు అధ్యాయాలు అయ్యాయి. అయితే అది 2012 నాటి పుస్తకమని, పాతబడిపోయిందని, హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో కోర్సు చేయమని స్నేహితులు అంటున్నారు. నాన్న ఆటో నడుపుతారు. ఫీజు, హాస్టల్ ఖర్చు రెండూ మాకు భారమే. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే అమీర్‌పేట బస్సు ఎక్కకండి. ముందు చేతిలో ఉన్న పుస్తకం పూర్తిచేయండి. ఖర్చు తగ్గుతుందని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. వెబ్ పేజీల పునాది ఒంటరిగా కూర్చుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నవారికే గట్టిగా పడుతుంది. మిమ్మల్ని మూడు అధ్యాయాలు ఆపకుండా చదివించిన పుస్తకం దొరకడం చిన్న విషయం కాదు.

పాతబడిందన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ మీ స్నేహితులు భయపెడుతున్నంత లేదు. పేజీలో ఏమేం ఉండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్ అంత త్వరగా పాతబడే సరుకు కాదు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ తయారుచేసిన తొలి వెబ్‌సైట్ తాలూకు 1992 నాటి ప్రతిని ఆ సంస్థ మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇవాళ్టి క్రోమ్‌లో అది ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటుంది. హెడింగ్, పేరా, లింకు, బొమ్మ, టేబుల్, ఫారం గురించి మీ పుస్తకం చెప్పేదంతా ఇప్పటికీ పనికొచ్చేదే. పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్‌ఎస్‌లో రంగులు, ఫాంట్లు, సెలెక్టర్లు (రూల్ ఏ భాగానికో చెప్పేవి), ఏ రూల్ ఏ రూల్‌ను మించుతుందన్న లెక్క కూడా అంతే.

మారింది ముఖ్యంగా లేఅవుట్. పేజీలో ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి ఆ రోజుల్లో ఫ్లోట్‌ల మీద, టేబుల్ డిస్‌ప్లే మీద ఆధారపడేవారు. మీ పుస్తకంలోనూ అదే ఉంటుంది. ఇప్పుడు ఆ పనికి ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ వాడుతున్నారు. గ్రిడ్ 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి వచ్చింది కాబట్టి 2012 పుస్తకం దాన్ని నేర్పలేదు. లేఅవుట్ అధ్యాయానికి వచ్చాక ఫ్లోట్ అంటే ఏమిటో తెలిసేంతవరకు చదవండి. బొమ్మ పక్కనుంచి వాక్యాలు సాగాలంటే ఇప్పటికీ అదే వాడాలి. ఆ తర్వాత పుస్తకం మూసి, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ వెబ్ డాక్స్ సైటులో ముందు ఫ్లెక్స్‌బాక్స్, తర్వాత గ్రిడ్ పాఠాలు చేయండి. అవి ఉచితం. సైటును సర్వర్‌లోకి ఎక్కించడానికి ఎఫ్‌టీపీ వాడే భాగాన్ని కూడా పైపైన చూసి వదిలేయొచ్చు. సైటును నెట్‌లో పెట్టడానికి మీకు గిట్‌హబ్ పేజెస్ అనే సేవ చాలు, దానికీ డబ్బు కట్టక్కర్లేదు.

నాకు అసలు చింత వేరే ఉంది. సరదాగా సాగే పుస్తకాలతో ఒక ప్రమాదం ఉంటుంది. పేజీలు తిరుగుతుంటాయి, అంతా అర్థమవుతుంటుంది, వచ్చేసిందనిపిస్తుంది. ఖాళీ ఫైలు ముందు కూర్చుంటే మాత్రం మొదటి లైను రాదు. ఈత పుస్తకం ఎంత బాగున్నా కాలువలో దిగనిదే ఈత రాదు కదా. పుస్తకంలో కనిపించిన ప్రతి కోడ్‌నూ మీ వేళ్లతో టైప్ చేయండి. కాపీ పేస్ట్ వద్దు. అది పనిచేశాక కావాలనే పాడుచేయండి. ఒక ట్యాగ్ (హెచ్‌టీఎంఎల్ గుర్తు) మూయకుండా వదిలితే ఏమవుతుంది? ఒక బ్రాకెట్ తీసేస్తే? అలా చూసినవి మరిచిపోరు.

ఒక ఉదాహరణ చెబుతాను. సీ లాంగ్వేజ్‌లో సెమికోలన్ మరిచిపోతే కంపైలర్ వెంటనే ఎర్రర్ చూపిస్తుంది. సీఎస్‌ఎస్‌లో రంగు చెప్పే లైను చివర సెమికోలన్ పెట్టకుండా, కింది లైనులో అక్షరాల సైజు రాసి చూడండి. బ్రౌజర్ ఆ రెండు లైన్లనూ కలిపి ఒకటిగా చదువుతుంది, అర్థం కాక రెంటినీ వదిలేస్తుంది. తెర మీద ఒక్క ఎర్రర్ కూడా రాదు. రంగూ మారదు, సైజూ మారదు. కొత్తవాళ్లు ఇక్కడే గంటలు పోగొట్టుకుని, ఇది మన వల్ల కాదులే అనుకుంటారు. అలాంటప్పుడు ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరవండి. బ్రౌజర్ ఏ రూల్‌ను తీసుకుందో, దేన్ని కొట్టేసిందో అక్కడ కనిపిస్తుంది.

బాక్స్ మోడల్ (పేజీలో ప్రతి భాగాన్నీ ఒక పెట్టెగా లెక్కించే పద్ధతి) అధ్యాయాన్ని మాత్రం తొందరపడి దాటకండి. ఒక పెట్టెకు వెడల్పు 300 పిక్సెళ్లు ఇచ్చారనుకోండి. ప్యాడింగ్ (లోపలి ఖాళీ) అన్ని వైపులా 20, బార్డర్ (అంచు గీత) 5 పెట్టారు. తెర మీద ఆ పెట్టె 300 కాదు, 350 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. ఎడమా కుడీ ప్యాడింగ్ కలిపి 40, బార్డర్ కలిపి 10 అదనంగా చేరాయి. పక్కపక్కన ఉండాల్సిన రెండు పెట్టెల్లో ఒకటి కిందికి జారిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. బాక్స్ సైజింగ్‌ను బార్డర్ బాక్స్‌గా మారిస్తే ఆ 300లోనే అన్నీ సర్దుకుంటాయి. ఈ లెక్క కాగితం మీద వేసుకుని చూడండి. బీకాం వాళ్లకు లెక్క తేలికే.

తెలుగు మీడియం అని వెనకాడుతున్నట్టున్నారు. ఆ పుస్తకంలో ఇంగ్లిష్ మాట్లాడుకునే ధోరణిలో ఉంటుంది కాబట్టి వాక్యాలు చిన్నవే. మధ్యమధ్య అమెరికా జోకులు అర్థం కాకపోతే వదిలేయండి, పాఠం ఎక్కడా ఆగదు. ఒక అధ్యాయం అయ్యాక అందులో నేర్చుకున్నది నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకోండి. మీ మాటల్లో రాయలేకపోతే ఆ అధ్యాయం ఇంకా రాలేదన్నమాట.

పుస్తకంలోని కాఫీ షాపు పేజీ చేశాక మీ సొంత పేజీ ఒకటి తెలుగులో మొదలుపెట్టండి. మీకు దగ్గర్లోనే కోటప్పకొండ ఉంది. శివరాత్రి తిరునాళ్ల మీద నాలుగు పేజీల సైటు చేయండి: కొండ గురించి ఒకటి, ప్రభల ఫొటోలతో ఒకటి, ఎలా చేరుకోవాలో ఒకటి, సందేహాలు పంపడానికి ఫారంతో ఒకటి. తెలుగులో చేసేటప్పుడు జాగ్రత్తగా చూసుకోవాల్సిన కొన్ని సంగతులు అప్పుడు ఎదురవుతాయి. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని హెడ్ భాగంలో రాయకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించే అవకాశం ఉంది. పేజీ భాష తెలుగు అని లాంగ్ (lang) అట్రిబ్యూట్‌లో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు. ఇంగ్లిష్‌కు చక్కగా ఉన్న 1.2 తెలుగుకు ఇరుకు. పై లైనులోని వత్తులు కింది లైనులోని గుడులకు తగులుతాయి. 1.6 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. చదివే మ్యాటర్‌కు మండలి, పెద్ద హెడింగులకు రామభద్ర బాగుంటాయి. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మరవకండి. అది లేకపోతే ఫోన్లో పేజీ మొత్తం కుంచించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. మీ సైటు చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు.

ఇక ఉద్యోగం సంగతి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మాత్రమే వస్తే ఈ రోజు ఉద్యోగం దొరకడం కష్టం. ఇది మీకు ముందే తెలియాలి. ఏఐ టూల్స్ అడిగిన వెంటనే ఒక పేజీ రాసిచ్చేస్తున్నాయి. ఆ రాసిచ్చినదాన్ని చదివి, తప్పెక్కడుందో పట్టుకుని సరిచేయగలవాళ్లు కావాలి. ఆ చూపు పునాది ఉన్నవాళ్లకే వస్తుంది. అందుకే నేర్చుకునే దశలో వాటితో కోడ్ రాయించుకోవద్దు, అర్థం కాని లైనును వివరించమని మాత్రం అడగండి.

ఈ పుస్తకం తర్వాత, పేజీతో లెక్కలూ పనులూ చేయించే జావాస్క్రిప్ట్ తప్పదు. అక్కడ మీ బీకాం అక్కరకొస్తుంది. ఒక జీఎస్టీ బిల్లు పేజీ చేయండి. సరుకు పేరు, ధర, సంఖ్య కొడితే మొత్తం రావాలి. 18 శాతం పన్ను ఉన్న సరుకు రాష్ట్రంలోనే అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 విడివిడిగా చూపించాలి. పక్క రాష్ట్రానికి అమ్మితే మొత్తం ఐజీఎస్టీ కిందికి పోవాలి. చాలామంది బీటెక్ విద్యార్థులకు కోడ్ వచ్చినా ఈ తేడా తెలియదు. మీకు తెలుసు. చిన్న కంపెనీల్లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఇలాంటి పేజీ సర్టిఫికెట్ కంటే బాగా మాట్లాడుతుంది.

కోచింగ్ అసలు వద్దని అనను. జావాస్క్రిప్ట్ కొంత వచ్చాక, రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు నేర్చుకునే దగ్గర గైడ్ లేక ఆగిపోతే అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా డెమో క్లాసు వినకుండా ఫీజు కట్టొద్దు. పాఠం చెప్పే ఆయన మీ ముందు ఖాళీ ఫైలు తెరిచి కోడ్ రాస్తున్నారా, లేక స్లైడ్లు చూపించి పంపేస్తున్నారా అన్నది గమనించండి. వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టినచోట, గత బ్యాచ్ పిల్లలు ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమని అడగండి. తప్పించుకుంటే మీరూ తప్పుకోండి.

ఖరీదైన లాప్‌టాప్ కొనమని నాన్నగారిని ఇబ్బంది పెట్టకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లోనూ బ్రౌజర్, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ నడుస్తాయి. అదీ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో నోట్‌ప్యాడ్‌తోనే మొదలుపెట్టండి, పని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. రెండో సంవత్సరం అయ్యాక సెలవుల్లో చేయాల్సినదానికి చాలామంది తెలిసినవాళ్ల దగ్గర సంతకం తెచ్చుకుని సరిపెట్టేస్తారు. మీరు అలా చేయకండి. అప్పటికి కోటప్పకొండ సైటు గిట్‌హబ్ పేజెస్‌లో ఎక్కి ఉండాలి. ఆ లింకు పట్టుకుని గుంటూరు, విజయవాడల్లో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులకు నేరుగా వెళ్లి, పని నేర్పమని అడగండి. మాట్లాడేటప్పుడు లింకు ఫోన్లో తెరిచి వాళ్ల చేతికే ఇవ్వండి.